యంత్రమునకు చదరంగము నేర్పిన ఆలన్ ట్యూరింగు

చదరంగము భరతఖండమున బుట్టిన క్రీడ. మన గుంటూరులో జన్మించిన పెంటేల హరికృష్ణ 2001వ సంవత్సరమునను, ద్రోణవల్లి హారిక 2011వ సంవత్సరమునను ఆ క్రీడయందు గ్రాండుమాష్టరు బిరుదమును బడసిరి. నేడు తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని ఏ విద్యార్థియైనను తండ్రిగారి చేతిఫోనునందలి యంత్రముతో చదరంగమాడవచ్చును. ఆ యంత్రము లోకవిజేతలను సహితము ఓడింపజాలును. ఇట్టి యంత్రమునకు వలయు నియమములను, అట్టి యంత్రములు లోకమున సరిగా వ్యాపింపక పూర్వమే, కాగితముమీద వ్రాసిపెట్టిన తొలివారిలో ముఖ్యుడు ఆలన్ మాథిసన్ ట్యూరింగు. ఆయన జీవితమంతయు ఒక్క ప్రశ్నను వెంబడించినదని చెప్పదగును. వెదకవలసినవి లెక్కకు మిక్కిలియైనప్పుడు వేనిని వెదకకుండ విడిచిపెట్టవచ్చును? ఈ ప్రశ్న చదరంగమునకే గాక మన బ్రతుకునకును చెందినది. కావున ఆయన చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆంగ్లేయుడైనను ట్యూరింగునకు మన తెలుగుదేశముతో సంబంధము కలదు. ఆయన తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగు ఇండియన్ సివిలు సర్వీసున చేరి చెన్నపురి రాజధానియందు ఉద్యోగము చేసెను. పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మున్నగు ఊళ్లలో ఆ దంపతులు కాపురముండిరి. బెజవాడనుండి కృష్ణ దాటినచో తెనాలి ఎంతో దూరము కాదుగదా. తల్లి ఎథెల్ సారా స్టోనీ 1881లో ఆ రాజధానిలోనే పోదనూరున జన్మించినది. ఆమె తండ్రి ఎడ్వర్డు వాలరు స్టోనీ మద్రాసు రైల్వేలో ప్రధానమైన ఇంజనీరు. 1911లో గంజాము జిల్లా ఛత్రపురమున నుండగా ఆమె గర్భవతియయ్యెను. పిమ్మట వారు ఇంగ్లండునకు పోగా, 1912 జూను 23వ తేదీన లండను నగరమున ఆలన్ జన్మించెను.

తండ్రి ఉద్యోగము ఇండియాలోను, పిల్లల పెంపకము ఇంగ్లండులోను జరుగుట ఆనాటి ఉద్యోగుల ఆచారము. ఆలనును, అతని అన్న జానును సెయింటు లెనార్డ్సు అను సముద్రతీరపు ఊరిలో ఒక విశ్రాంత సైనికోద్యోగి ఇంట నుంచి తల్లిదండ్రులు మద్రాసునకు వచ్చుచు పోవుచునుండిరి. మన హాస్టలు విద్యార్థులకు ఆ యెడబాటు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1926లో ఆలన్ షెర్బర్ను పాఠశాలలో చేరవలసిన దినమున దేశమంతట కార్మికుల సమ్మె జరుగుచు రైళ్లు నిలిచిపోయెను. పదమూడేండ్ల ఆ బాలుడు వెనుదీయక సౌతాంప్టనునుండి సుమారు 60 మైళ్లు సైకిలుపై త్రొక్కుకొనిపోయి, నడుమ ఒక రాత్రి సత్రమున బసచేసి, మఱునాడు పాఠశాల చేరుకొనెను. ఆ పాఠశాలలో క్రిస్టఫరు మార్కం అను సహాధ్యాయి అతనికి ప్రాణమిత్రుడయ్యెను. గణితమునందును ఖగోళమునందును ఇరువురకును సమానమైన ఆసక్తి. 1930 ఫిబ్రవరిలో మార్కం క్షయరోగమున మరణించెను. మిత్రుడు సాధింపదలచినదానిని తానైనను సాధింపవలెనను పట్టుదల ట్యూరింగునకు ఆ దుఃఖమునుండి కలిగినది.

1931లో ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్సు కాలేజీలో ప్రవేశించి, 1935లో అచ్చటనే ఫెలోగా ఎన్నికయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 22 ఏండ్లు. 1936లో ఆయన ఒక గొప్ప వ్యాసమును వ్రాసెను. పొడవైన కాగితపు పట్టీమీద గుర్తులు వ్రాయుచు, చెరుపుచు, నియమముల ననుసరించి నడచు ఒక యంత్రమును ఆయన మనస్సులో కల్పించెను. ఆ నియమములనుగూడ పట్టీమీదనే వ్రాసి ఇచ్చినచో ఒక్క యంత్రమే ఏ గణనమునైనను చేయగలదని చూపెను. మన బల్లమీది కంప్యూటరు, జేబులోని ఫోను ఈ భావమునకు ప్రతిరూపములే. యంత్రము మారదు, దానికిచ్చు నియమములు మాత్రము మారును.

1939 సెప్టెంబరులో యుద్ధము ఆరంభమైన మఱునాడే, అనగా 4వ తేదీన, ఆయన బ్లెచ్లీ పార్కు అనుచోట రహస్యలిపి శోధించు కార్యాలయమున చేరెను. జర్మను సైన్యము ఎనిగ్మా అను యంత్రముచే తన వార్తలను మరుగుపరచుచుండెను. ఆ యంత్రమును అమర్చు విధముల సంఖ్య 159కి ప్రక్కన 18 సున్నలు పెట్టినంతటిది. ఒక్కొక్కదానిని పరీక్షింపబూనినచో మానవజాతి ఆయుర్దాయమైనను చాలదు. పోలండు దేశపు గణితజ్ఞులు అంతకుమునుపే ఈ మార్గమున చాల దూరము నడచి తమ విద్యను ఆంగ్లేయులకిచ్చియుండిరి. ఆ పునాదిమీద ట్యూరింగు బాంబె అను నూతనయంత్రమును కల్పించెను. మొదటి యంత్రము 1940 మార్చిలో పనికి వచ్చెను. గోర్డను వెల్చ్‌మన్ అను సహచరుడు దానిని ఇంకను బలపరచెను.

ఆ యంత్రము చేసిన పనియేమి? వార్తలో ఏదో యొక చోట ఫలానా మాట యుండవలెనని ఊహించి, ఆ ఊహకు తగిన అమరికలను వెదకుట దాని పని. ఒక అమరిక నిజమని పట్టినచో, దానినుండి మఱియొకటి, దానినుండి ఇంకొకటి తేలుచుండును. ఎచ్చటనైనను ఒకే అక్షరము రెండు వేర్వేరు అక్షరములతో జతపడినట్లు తేలెనా, మొదటి ఊహ అబద్ధము. అప్పుడు ఆ ఊహ ఒక్కటియే గాక, దానిమీద ఆధారపడిన కోట్లకొలది అమరికలు ఒక్కమారుగా రాలిపోవును. చెట్టు ఆకులను ఒక్కొక్కటిగా కోయక కొమ్మనే నరకుట ఇది. ఈ కిటుకునే ఆయన పిదప చదరంగమునందును అన్వేషించెను.

బ్లెచ్లీలో హ్యూ అలెగ్జాండరు, స్టూవర్టు మిల్నరుబారీ, హారీ గోలంబెక్ అను మేటి చదరంగపుటాటగాండ్రు ట్యూరింగుతో పనిచేయుచుండిరి. ట్యూరింగు స్వయముగా గొప్ప ఆటగాడు కాడు. కాని గొప్ప ఆటగాడు ఎట్లు ఆలోచించునో, ఆ ఆలోచనను నియమములుగా వ్రాయవచ్చునో లేదో తెలిసికొనవలెనను కుతూహలము ఆయనకు మెండు. జాక్ గుడ్, డోనాల్డు మిఖీ అను యువకులతో ఈ విషయమును ఆయన తఱచుగా చర్చించుచుండెడివాడు.

ఇందలి కష్టమును విద్యార్థులు కొంత గ్రహింపవలెను. చదరంగమున ఒక స్థితినుండి సగటున 30 ఎత్తులు సాధ్యములు. ప్రతిదానికి ఎదిరి పక్షమున మఱి 30 జవాబులు. రెండెత్తులకు 900 స్థితులు, మూడింటికి 27,000, నాల్గింటికి 8,10,000, ఆఱింటికి 72 కోట్ల 90 లక్షలు. మొదటి స్థితి వేరు, ఎత్తులు కొమ్మలు, వానినుండి రెమ్మలు. దీనినే శోధనవృక్షమందురు. క్లాడ్ షానన్ అను అమెరికా పండితుడు 1950లో ప్రచురించిన వ్యాసమున, చదరంగపుటాటలన్నిటి సంఖ్యను 1కి ప్రక్కన 120 సున్నలుగా అంచనా వేసెను. ఈ షాననును ట్యూరింగు 1943లో అమెరికాలో నున్నప్పుడు కలిసికొనియుండెను. ఇట్టి వృక్షమును తుదివరకు ఎవరును ఎక్కజాలరు. ఎచ్చట ఆగవలెను, ఏ కొమ్మను విడువవలెను అనునదే అసలు విద్య.

1948లో ట్యూరింగు, డేవిడ్ చాంపర్నౌన్ అను మిత్రునితో కూడి, ఆట నియమములను వ్రాసెను. ఇరువురి పేళ్లను కలిపి దానికి టూరోచాంప్ అని పేరు. ఆ నియమముల స్వరూపమిది. బంటు విలువ 1, గుఱ్ఱము 3, శకటము మూడున్నర, మూలనుండు ఏనుగు 5, మంత్రి 10. తన ఎత్తులన్నిటిని, వానికి ఎదిరి జవాబులన్నిటిని చూడవలెను. అటుపిమ్మట అన్నిటిని చూడరాదు. పావును చంపుట, చంపినదానిని తిరిగి చంపుట వంటి ముఖ్యమైన ఎత్తులను మాత్రమే వెంబడింపవలెను. అట్టి ఎత్తులు లేని ప్రశాంతస్థితి వచ్చినప్పుడు నిలిచి, ఇరుపక్షముల పావుల విలువను కూడి పోల్చవలెను. కొట్లాట నడుమ లెక్కించినచో లెక్క తప్పును. మన మంత్రి వారి బంటును చంపిన క్షణమున లెక్కించినచో లాభముగా కనబడును; మఱుక్షణమున మంత్రి చచ్చును. కావున అల్లకల్లోలము అణగినపిదప గాని విలువ కట్టరాదను ఈ నియమమును నేటి చదరంగపు యంత్రములు పెక్కు పాటించుచున్నవి.

అయితే ఈ నియమములను నడపగల యంత్రము ఆనాడు చేతికందలేదు. ట్యూరింగు తానే యంత్రమై, కాగితము కలము పట్టుకొని ఒక్కొక్క ఎత్తును లెక్కించెను. ఒక్క ఎత్తునకు సుమారు అరగంట పట్టెను. 1952లో ఆలిక్ గ్లెన్నీ అను యువకునితో ఈ కాగితపు యంత్రము ఒక ఆట ఆడెను. 29వ ఎత్తున దాని మంత్రి ఎదిరి ఏనుగుచే చిక్కుపడగా ఓటమి నొప్పుకొనవలసి వచ్చెను. తాను చూచు మేరకు ఆవల పొంచియున్న యపాయము దానికి కనబడలేదు. అరువదేండ్ల పిమ్మట, 2012 జూనులో, మాంచెస్టరున జరిగిన శతజయంతి సభయందు ఆ నియమములను కంప్యూటరులో నెక్కించి మాజీ లోకవిజేత గారీ కాస్పరోవుతో ఆడించిరి. కాస్పరోవు 16 ఎత్తులలో గెలిచెను. అయినను ఆ నియమములను వ్రాసినవానిని మిక్కిలి గౌరవించెను.

కొమ్మలను నరకు విద్య ట్యూరింగుతో ముగియలేదు. అమెరికాలో జాన్ మెకార్తీ మొదలగువారు 1956 మొదలుకొని, మాస్కోలో బ్రూద్నో 1963లో, ఆల్ఫా-బీటా అను పద్ధతిని వృద్ధిచేసిరి. దానిని ఒక పల్లెటూరి ఉపమానముతో తెలుపుదుము. అన్నదమ్ములిరువురు ధాన్యము పంచుకొనుచున్నారనుకొనుడు. రెండు కళ్లములు కలవు. ఒక్కొక్క కళ్లమున మూడేసి కుప్పలు. కళ్లమును ఎంచుకొనుట అన్నవంతు; ఆ కళ్లములో అన్నకు ఏ కుప్ప ఈయవలెనో నిర్ణయించుట తమ్మునివంతు. తమ్ముడు ఎప్పుడును చిన్న కుప్పనే ఇచ్చును. అన్న మొదటి కళ్లమున మూడు కుప్పలను కొలువగా 12, 9, 7 బస్తాలు తేలినవి. అనగా అచ్చట 7 బస్తాలు నిశ్చయము. రెండవ కళ్లమున మొదటి కుప్పను కొలువగా 5 బస్తాలే. ఇక మిగిలిన రెండు కుప్పలను కొలువ నక్కఱ లేదు. అవి ఎంత పెద్దవైనను ఆ కళ్లమున అన్నకు 5 బస్తాలకంటె ఎక్కువ రాదు. నాలుగు కొలతలతో పని ముగిసినది. రెండవ కళ్లమును ముందు కొలిచియున్నచో ఆఱు కుప్పలను కొలువవలసివచ్చెడిది. కావున మంచిదిగా తోచు దారిని ముందు చూచుట సగము పని తీర్చును.

ఇట్లు ఎత్తులను ఉత్తమమైన క్రమమున చూడగలిగినచో, నాలుగెత్తుల వృక్షమున 8,10,000 స్థితులకు మాఱుగ 1,799 చూచిన చాలును. జవాబు మాత్రము అణుమాత్రమును మారదు. మఱియొక ఉపాయముకూడ కలదు. రేపల్లెనుండి బాపట్లకు తెనాలి మీదుగా రైలున పోయినను, రోడ్డుమీద తిన్నగా పోయినను చేరు ఊరు ఒక్కటే. అట్లే ఎత్తుల వరుస మారినను ఒకే స్థితి ఏర్పడవచ్చును. ఒకమారు చూచిన స్థితిని పట్టికలో వ్రాసియుంచుకొన్నచో రెండవమారు వెదకు శ్రమ తప్పును. ఇట్టి ఉపాయములన్నిటికి తోడు యంత్రవేగమును పెరుగగా, 1997లో డీప్ బ్లూ అను యంత్రము లోకవిజేతయైన కాస్పరోవును ఓడించినది. ట్యూరింగు పేర అమెరికాలో ఏటేట ఇచ్చు గొప్ప బహుమానమును 1994లో పొందినవారిలో మన తెలుగువాడు, మెకార్తీ శిష్యుడు, దబ్బల రాజగోపాలరెడ్డి ఒకరు. ఆసియాఖండమున దానిని పొందిన మొదటివారు ఆయనయే.

ఇక ట్యూరింగు జీవితపు తుదిభాగమును చెప్పవలసియున్నది. అది బాధాకరమైనను దాచదగినది కాదు. 1948లో ఆయన మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు వచ్చెను. 1950లో యంత్రములు ఆలోచింపగలవా యను ప్రశ్నపై ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. దేహదార్ఢ్యమునందును ఆయన సామాన్యుడు కాడు. 1947లో మారథాను పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించెను. ఇంతలో 1952లో, మఱియొక పురుషునితో సంబంధము కలదని ఆయనపై నేరము మోపిరి. ఆనాటి ఆంగ్లశాసనమునకు అది శిక్షార్హము. న్యాయస్థానము చెఱసాలకు మాఱుగ, ఒక సంవత్సరము శరీరమును మార్చు హార్మోను మందులు పుచ్చుకొనవలెనని విధించెను. రహస్యలిపి కార్యాలయమువారు ఆయనకు తలుపు మూసిరి. యుద్ధమున ఆయన చేసిన సేవ రాజ్యరహస్యము. 1970 దాటినపిమ్మటగాని లోకమునకు వెల్లడి కాలేదు. తమ బిడ్డలను కాపాడినవాడు ఇతడేయని ఆ వీధిలో నడచువారికి తెలియదు.

1954 జూను 7వ తేదీన విల్మ్‌స్లోలోని స్వగృహమున, 42 ఏండ్లు నిండకయే, సైనైడు విషముచే ఆయన మరణించెను. విచారణాధికారి ఆత్మహత్యయని నిర్ణయించెను. రసాయనములతో ప్రయోగములు చేయుచు పొరపాటున మరణించెనని తల్లి తుదివరకు నమ్మినది. కొడుకు జీవితచరిత్రమును ఆమెయే వ్రాసి 1959లో ప్రకటించినది. ఇంగ్లండులో ఆ శాసనము 1967లో సడలింపబడినది. 2009లో ప్రధానమంత్రి గోర్డను బ్రౌను దేశము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణిగారు మరణానంతర క్షమాభిక్ష నొసగిరి. 2021లో ఆయన చిత్రముతో 50 పౌనుల నోటు వెలువడినది. ఆయన మరణించి అప్పటికి 67 ఏండ్లు.

విద్యార్థులారా, చదరంగపు శోధనవృక్షమున కొమ్మను నరకుటకు ఒక కట్టుబాటు కలదు. అది ఇక ఫలమీయదని రుజువైనపుడే దానిని నరకవచ్చును. తమ్ముని కుప్ప 5 బస్తాలని కొలిచి చూచినపిమ్మటనే అన్న ఆ కళ్లమును విడిచెను, చూడకమునుపు కాదు. ట్యూరింగు నెఱిగినవారు కొందఱే. ఆయనకు శిక్ష విధించినవారు ఆయన విలువను కొలిచి చూడలేదు. తరగతిలో మందముగా కనబడు బాలుని, అక్షరములు వంకరగా వ్రాయువానిని, అందఱివలె నుండనివానిని మనమును ఒక్కొక్కప్పుడు అట్లే విడిచివేయుదుము. షెర్బర్నులోని ఉపాధ్యాయులు ట్యూరింగు చేతివ్రాతను నిందించినవారే. ఉపాధ్యాయులమైన మాకును, తలిదండ్రులకును ఇందు నేర్వదగినది కలదు.

మీలో కంప్యూటరు నేర్చుకొనుచున్నవారు చిన్న చదరంగపు యంత్రమును ఇంటిలోనే వ్రాసి చూడవచ్చును. మొదట ఏ కొమ్మను నరకక నాలుగెత్తులు వెదకించి, చూచిన స్థితుల సంఖ్యను వ్రాసికొనుడు. పిమ్మట ఆల్ఫా-బీటా పద్ధతిని చేర్చి మరల లెక్కించుడు. సంఖ్య ఎంతగా తగ్గినను యంత్రము చెప్పు విలువ మునుపటిదే కావలెను. అది మారినచో మీరు నరుకరాని కొమ్మను నరికితిరన్నమాట. వెంటనే వెనుకకు పోయి తప్పును దిద్దుకొనుడు. యంత్రములో అట్టి తప్పును ఒక్క సాయంకాలమున దిద్దవచ్చును.